ఒక ఈల ఎక్కువ

మా ఇంట్లో అన్నం ఎక్కించేది అత్తయ్య. దించేది మావయ్యగారి చెవులు.

ఈ ఏర్పాటుకి కారణం కుట్టుమిషను. అత్తయ్య పొద్దున్నే కుక్కర్ స్టవ్ మీద పెట్టి పక్కగదిలో మిషను ముందు కూర్చుందంటే ఇల్లు కూలినా ఆవిడకి వినపడదు. ఆ వేళకి నేను జడ అల్లుకుంటూ, మా ఆయన బండి తాళాలు వెతుక్కుంటూ ఉంటాం. అందుకని ఈలలు లెక్కపెట్టే పని మావయ్యగారికి అప్పగించారు. అన్నానికి మూడు, చిక్కుడు గింజలకి ఆరు. ఆయన ముందుగదిలో పేపరు పట్టుకుని కూర్చుని, ఈల పడ్డప్పుడల్లా "ఒకటి", "రెండు" అని పైకే అంటారు. లెక్క పూర్తి కాగానే వెళ్ళి స్టవ్ కట్టేసి, "అయిపోయింది" అని ప్రకటిస్తారు.

ఆయన ఉద్యోగమంతా రైలు గార్డుగానే గడిచింది. గార్డు ఈల వెయ్యందే ఇంజను అంగుళం కదలదన్నది ఆయన నోట్లో అరిగిపోయిన మాట. ఆ ఇత్తడి ఈల ఇప్పటికీ ముందుగదిలో మేకుకి వేలాడుతూ ఉంటుంది. అప్పుడు ఈల వేసి బండి కదిలించేవాణ్ణి, ఇప్పుడు ఈల విని అన్నం దించుతున్నాను, ఏదైనా నా చేతిమీదే జరగాలి అని వచ్చినవాళ్ళందరికీ చెబుతారు. వచ్చినవాళ్ళు నవ్వుతారు. మేం నవ్వడం ఎప్పుడో మానేశాం.

చలికాలం మొదలైంది. అన్నం పలుకవడం కూడా అప్పుడే మొదలైంది.

నేను కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తాను. గోడమీది అక్షరాలు చదివించి ఎవరికి ఎంత పవరు కావాలో చూస్తాను. మధ్యాహ్నం డబ్బా విప్పి ముద్ద నోట్లో పెట్టుకుంటే కటుక్కుమంది. రాయేమో అనుకున్నాను. రెండో ముద్దకి తెలిసింది, డబ్బా అంతా రాళ్ళేనని. సాయంత్రం ఇంటికొస్తే మా ఆయన కూడా దవడ పట్టుకుని కూర్చున్నాడు.

మా ఆయన లిఫ్టు మెకానిక్. లోకంలో ఏ తప్పు జరిగినా అది యంత్రానిదే అని నమ్మే మనిషి. కుక్కర్‌కి కొత్త రబ్బరు వేశాడు, వెయిటు మార్చాడు, మూత గుండ్రంగా ఉందో లేదో కొలిచాడు. మర్నాడు అన్నం ఇంకా పలుకైంది. మావయ్యగారు బియ్యం కొత్తవని అన్నారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు లెక్క రాక బియ్యం మీద పెడుతున్నారని అత్తయ్య అంది. బియ్యం కూడా మార్చాం. అన్నం మారలేదు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలుస్తుందంటారు గానీ, మా ఇంట్లో మెతుకు పట్టుకోనక్కర్లేదు, గరిటెతో వడ్డిస్తుంటే చప్పుడే చెప్పేది.

ఇక మిగిలింది మావయ్యగారి చెవులు. వయసు మీద పడింది, వినికిడి తగ్గి ఉంటుందని మా ఆయన తేల్చేశాడు. నాకు ఒళ్ళు మండింది. చెవుడొచ్చిన మనిషి ఈలలు తక్కువ వింటాడు, తక్కువ వింటే అన్నం మాడాలి, పలుకవుతోందంటే ఈయన ఎక్కువ వింటున్నట్టు కదా అని చెప్పాను. ఆ ఇంట్లో చెవుడు ఎవరికో నాకు అప్పుడే అర్థమైంది. నా మాట ఒక్కరూ వినలేదు.

చెవుల డాక్టరు మావయ్యగారిని అద్దాల గదిలో కూర్చోబెట్టి, రకరకాల చప్పుళ్ళు వినిపించి, ఈ వయసుకి ఇంత మంచి చెవులు తాను చూడలేదన్నాడు. పనిలో పనిగా మా ఆయన కూడా కూర్చున్నాడు. ఆయన ఎడమచెవి కంటే తండ్రి రెండు చెవులూ మేలని తేలింది. ఆ కాగితం మా ఆయన ఎవరికీ చూపించలేదు. మావయ్యగారు వీధి చివర పాలబూత్ దాకా వెళ్ళి మరీ చూపించి వచ్చారు.

ఆ సంబరం రాత్రి భోజనం దాకానే. అప్పుడు మా ఆయన గొంతు తగ్గించి, "చెవులు బాగానే ఉంటే, లేని ఈల ఎక్కడ్నించి వినపడుతోంది?" అన్నాడు.

మావయ్యగారు కంచంలోకి చూస్తూ ఉండిపోయారు.

మర్నాటి నుంచి ఇంట్లో అన్నీ మారిపోయాయి. మా ఆయన కోడిపెట్ట ఆకారంలో ఉన్న టైమరు గడియారం ఒకటి కొనుక్కొచ్చాడు. అది స్టవ్ పక్కన కూర్చుని వేళకి కొక్కొరొకో అంటుంది. పెట్ట కూత పెట్టడమేమిటని అడిగేవాళ్ళు లేరు. మావయ్యగారిని స్టవ్ ముట్టుకోవద్దన్నారు. వచ్చే వారానికి మెదడు డాక్టరు దగ్గర టైము తీసుకున్నారు. అన్నం మాత్రం మెత్తగా, ముచ్చటగా ఉడికింది. అంత మంచి అన్నం నాకు ఎప్పుడూ అంత చేదనిపించలేదు.

అన్నిటికన్నా నన్ను భయపెట్టింది అత్తయ్య. పెళ్ళైన దగ్గర్నుంచి మొగుణ్ణి వెక్కిరించకుండా ఒక్కపూట గడపని మనిషి, వెక్కిరించడం మానేసింది. ఆయనేం అన్నా "అలాగేనండీ" అంటోంది. అడక్కుండానే మంచినీళ్ళు తెచ్చిస్తోంది. ఆ నీళ్ళ గ్లాసు చూసి మావయ్యగారి ముఖం పాలిపోయేది.

ఒక సాయంత్రం నేను దుకాణం నుంచి వచ్చేసరికి ఆయన మేకు మీది ఇత్తడి ఈల తీసి, పాత జేబురుమాలులో చుడుతున్నారు. నా చేతిలో పెట్టి, కనపడకుండా ఎక్కడైనా దాచెయ్యమన్నారు. ఎందుకని అడిగాను.

"కుక్కర్‌ది ఒక్కటే కాదమ్మాయ్," అన్నారు. "తెల్లారకముందు ఎవరో ఈలపాట పాడుతున్నట్టు వినపడుతోంది. ప్లాట్‌ఫారం చివర ఊసుపోక తిరిగే మనిషి వేసుకుంటాడే, అలాగ. కిటికీ తీసి చూస్తే ఎవరూ ఉండరు. మీ అత్తయ్యకి చెప్పలేదు."

నేను రుమాలు ముడి బిగించాను.

"ఇన్నేళ్ళూ ఈల వేసీ వేసీ అదే తలకెక్కిందేమో. డాక్టరు ఏదైనా అలాంటిది రాసిస్తే ముందు నాకు చెప్పు. మీ అత్తయ్యకి నేనే చెప్పుకుంటాను. నువ్వు చెబితే ఏడుస్తుంది. నేనైతే తిడుతుంది."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పట్టకపోవడమే మంచిదైంది. ఇంకా చీకటి ఉండగానే వెనకవైపు నుంచి వినపడింది ఈలపాట. తీరుబడిగా, పాట సగంలో మర్చిపోయి మళ్ళీ మొదటికొచ్చి ఎత్తుకున్నట్టు. అచ్చంగా మనిషి వేసినట్టే ఉంది. నాకు ఏడుపొచ్చింది. ఆయనకేం కాలేదు, ఎవరో వెధవ నిజంగానే ఈల వేస్తున్నాడు. దుప్పటి తన్నేసి వెనక తలుపు తీశాను.

మా వంటింటి వెనక కొండ మీంచి దిగే రాతికాలువ ఒకటి ఉంది. దాని ఒడ్డున బట్టలుతికే బండ. అవతలంతా చెట్లు. అక్కడ పురుగు కూడా లేదు. తలెత్తి చూస్తే పైవాటా బాల్కనీలో, మంకీ టోపీ పెట్టుకుని, బైనాక్యులర్స్ మెడలో వేసుకుని డ్రాయింగు మాస్టారు నిలబడి ఉన్నారు. దొంగ దొరికాడనుకున్నాను.

ఈ మాస్టారి గురించి కొంచెం చెప్పాలి. బళ్ళో పిల్లలకి బొమ్మలు నేర్పుతారు, సెలవొస్తే పిట్టల్ని చూడటానికి కొండెక్కుతారు. ఒంటరి మనిషి. మా దుకాణంలోనే కళ్ళద్దాలు చేయించుకున్నారు, కానీ అవి పెట్టుకుంటే ముసలాడిలా కనపడుతున్నానని జేబులో పెట్టుకుని తిరుగుతారు. ఆయన చూశానని చెప్పే పిట్టల్లో సగం ఎండుటాకులై ఉంటాయని, ఆయన పవరు చూసిన మనిషిగా నా అనుమానం.

అత్తయ్యకి ఆయన మీద వేరే కేసు ఉంది. కొన్నాళ్ళుగా మా బట్టల బండ మీద రోజూ పగిలిన నత్తగుల్లలు పడి ఉంటున్నాయి. వండిపెట్టే దిక్కులేక ఆ మాస్టారు నత్తలు తిని గుల్లలు కిందకి విసురుతున్నాడని ఆవిడ తీర్మానం. నేను ఈలల సంగతి చెప్పగానే ఆవిడ కళ్ళు మెరిశాయి. ఆ పూట గుల్లలన్నీ చేటలోకి ఊడ్చుకుని, చేట చేత్తో పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని మెట్లెక్కింది.

నేను ముందు ఈలల గురించి అడిగాను. మాస్టారు తెల్లబోయారు. ఈలలు వేసేది గార్డుగారు కాదా అన్నారు. చలికాలం మొదలైనప్పట్నించీ తెల్లవారుజామున వింటున్నారట, రిటైరయ్యాక పాపం అలవాటు పోక సాధన చేసుకుంటున్నారనుకున్నారట, అడిగితే బాగుండదని ఊరుకున్నారట.

"నేను వెయ్యడమేమిటమ్మా," అన్నారు. "నా ముందుపళ్ళు రెండూ కట్టుడువి. ఈల వేస్తే గాలికన్నా ముందు అవి వస్తాయి."

నమ్మకం కలిగించడానికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఒకసారి ప్రయత్నించారు కూడా. ఫూ మని గాలొచ్చింది, పళ్ళు అరచేతిలో పడ్డాయి. అత్తయ్య ముఖం తిప్పుకుని, ఆ పళ్ళతో నత్తలెలా తింటున్నారని అడగబోయి, చేట ముందుకి చాపింది.

మాస్టారు పళ్ళు పెట్టుకోవడం కూడా మర్చిపోయి చేట మీదికి వంగిపోయారు. ఒక్కో గుల్లా తీసి తిప్పి చూశారు. అన్నీ ఒకే పక్క చితికి ఉన్నాయి. ఇవెక్కడివన్నారు. బండ మీదివన్నాం. రోజూ ఆ బండ మీదేనా అన్నారు. రోజూ ఆ బండ మీదే అన్నాం. ఆయన అక్కడే కుర్చీలో కూలబడిపోయారు.

ఆ గుల్లలు పగలగొట్టేది కొండల్లో ఉండే పిట్టట. అడవిలో సెలయేళ్ళ పక్కన, రాళ్ళ మధ్య ఉంటుందట. నత్తని ముక్కుతో పట్టుకుని తనకి నచ్చిన రాయి మీద బాది గుల్ల పగలగొట్టి తింటుందట. ఒక రాయి కుదిరితే దాన్ని వదలదట. తెల్లవారుజామున మనిషి ఈల వేసినట్టే పాడుతుందట. చలికి పైన ఉండలేక కిందికి దిగుతుందని పుస్తకంలో ఉందట గానీ, బట్టలుతికే బండ దాకా దిగుతుందని ఎవరనుకుంటారు. ఆ పిట్టని చూడటానికే ఆయన ఇన్నేళ్ళుగా సెలవొచ్చినప్పుడల్లా కొండెక్కి, మోకాళ్ళు పోగొట్టుకుని దిగుతున్నారు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదేనని అత్తయ్య అంది. మాస్టారు కాదనలేదు.

కానీ పాట వేరు, కుక్కర్ ఈల వేరు. ఆ మాటే అడిగాను. పాట కాక దానికి ఇంకో కూత కూడా ఉందని, ఒక్కటే దీర్ఘం, చెవిలో సూదిలా దిగుతుందని ఆయన చెప్పారు.

మర్నాడు పొద్దున్న వంటింట్లో దీపం ఆర్పి, కిటికీ రెక్క ఓరగా తెరిచి, అత్తయ్య, నేను, మాస్టారు గోడకి అంటుకుని నిలబడ్డాం. మా ఆయన కోడిపెట్ట టైమరు పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు, సాక్షిగా. మిషను ఆపేశాం. మావయ్యగారిని ఎప్పట్లాగే ముందుగదిలో కూర్చోబెట్టి, ఈ ఒక్కసారికి లెక్కపెట్టమన్నాం. పిట్ట సంగతి చెప్పలేదు. పిట్ట రాకపోతే ఆయన మనసు రెండోసారి విరుగుతుందని నాకు భయం.

కుక్కర్ మొదటి ఈల వేసింది. "ఒకటి," అని ముందుగది నుంచి వినపడింది. ఆ గొంతులో పాత దర్జా లేదు. కాసేపటికి రెండోది. "రెండు." అంతా సవ్యంగా ఉంది, పిట్ట జాడ మాత్రం లేదు.

అప్పుడు పడింది మూడో ఈల. సన్నగా, నిటారుగా. అందరికీ వినపడింది. కుక్కర్ మీద వెయిటు మాత్రం కదల్లేదు.

"మూడు," అన్నారు మావయ్యగారు.

మా ఆయన టైమరు వంక, వెయిటు వంక, మళ్ళీ టైమరు వంక చూశాడు. యంత్రాలు రెండూ నిర్దోషులని తేలిపోయిన మనిషి ముఖం ఎలా ఉంటుందో ఆ రోజు చూశాను. మాస్టారు కిటికీ సందులోంచి బైనాక్యులర్స్ పెట్టి చూసి, నీరసంగా, కాకి అన్నారు. నాకు ఓపిక పోయింది. ఆయన జేబులోంచి కళ్ళద్దాలు లాగి ముక్కుమీద నేనే తగిలించాను.

సరిగ్గా అప్పుడే చెట్లమీంచి ఎండ బండ మీద పడింది. నల్లగా కనపడ్డ పిట్ట నల్లగా లేదు. ముదురు నీలం, ఒళ్ళంతా కుంచె విదిలించినట్టు మెరిసే చుక్కలు, పసుపుపచ్చ ముక్కు. తోక విసనకర్రలా విప్పి మూసింది. కాలువలోంచి నత్తని తీసి మా బండకేసి ఠపీఠపీమని బాదింది. మాస్టారు చూస్తున్నారు, కళ్ళద్దాలు ఆవిరి పట్టి ఆయనకేం కనపడలేదని తర్వాత చెప్పారు.

స్టవ్ కట్టేయడానికి వచ్చిన మావయ్యగారు గుమ్మంలో ఆగిపోయారు. వంటింటి నిండా మనుషుల్ని చూసి, ఎవరినీ కాదని అత్తయ్యనే అడిగారు.

"నీకూ వినపడిందా?"

"వినపడిందండీ," అంది అత్తయ్య. "అది పిట్ట."

ఆయన కిటికీ దగ్గరికి వచ్చి చూశారు. పిట్ట కాలువ గట్టు మీదికి ఎగిరి, ఇంకోసారి ఈల వేసింది. ఆయన గోడ పట్టుకుని నెమ్మదిగా పీట మీద కూర్చున్నారు. "అయితే నాకేం కాలేదన్నమాట," అన్నారు. కొడుకు వచ్చి పక్కన కింద కూర్చున్నాడు. ఏం చెయ్యాలో తెలియక టైమరు తండ్రి చేతిలో పెట్టాడు.

మాస్టారు ఊపిరి తిప్పుకుని చెప్పడం మొదలుపెట్టారు. సెలయేటి పక్కన నీళ్ళ రొద ఎక్కువ కాబట్టి మామూలు కూత వినపడదని, అందుకే ఆ పిట్ట అంత గట్టిగా, అంత సన్నగా ఈల వేస్తుందని అన్నారు. మావయ్యగారు తలూపారు. ఇంజను రొదలో కేక వినపడదు, అందుకే గార్డుకి ఈల ఇచ్చారు, ఇందులో వింతేముంది అన్నారు.

అత్తయ్య కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఇన్నాళ్ళ తర్వాత ఆవిడ నోట్లోంచి పాత గొంతు బయటికొచ్చింది. "పిట్ట కొంచెం కూత ఘనం. వేళాపాళా లేకుండా ఈల వెయ్యడం, మెతుకు ఉడక్కుండా దింపించడం. అచ్చం మీ తోడబుట్టిన తమ్ముడే."

మావయ్యగారు నవ్వారు. ఆ తిట్టు వినడానికి ఆయన ఎన్నాళ్ళు ఎదురుచూశారో నాకు తెలుసు.

ఆ రోజు అన్నం మాడిపోయింది. అందరం పిట్టని చూస్తున్నాం, కుక్కర్ ఎన్ని ఈలలు వేసిందో ఎవరూ లెక్కపెట్టలేదు.

డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. ఇత్తడి ఈల మళ్ళీ మేకెక్కింది. కోడిపెట్టని మాస్టారికి ఇచ్చేశాం. అత్తయ్య నత్తల కేసు వెనక్కి తీసుకుంది గానీ, ఆ మనిషి ఏం తింటున్నాడో చూడాలని రోజూ ఒక గిన్నె అన్నం పైకి పంపడం మొదలుపెట్టింది. మావయ్యగారు నాలుగు రోజుల్లో తేడా పట్టేశారు. కుక్కర్ ఈల చివర బుస ఉంటుంది, పిట్టది శుభ్రంగా తెగుతుంది. ఇక ఆ చలికాలమంతా ఒక్క మెతుకూ పలుకు కాలేదు. ఆయన లెక్క అప్పట్నించీ, "రెండు... అది తమ్ముడిది... మూడు" అని సాగేది.

ఎండలు ముదిరాయి. ఒక పొద్దున్న పాట లేదు, మర్నాడూ లేదు. కొండ మీదికి వెళ్ళిపోయిందని మాస్టారు చెప్పారు. బండ మీద గుల్లలు లేవు, అత్తయ్య మాత్రం రోజూ ఊడుస్తూనే ఉంది. మావయ్యగారు వంటింటి కిటికీ తెరిచే ఉంచేవారు, గాలి కోసమని. అన్నం మెత్తగా ఉడికేది. ఎవరమూ పిట్ట గురించి మాట్లాడేవాళ్ళం కాదు.

మళ్ళీ దుప్పట్లు బయటికి తీసిన రోజుల్లో, ఒక సెలవుపూట అందరం కలిసి భోజనానికి కూర్చున్నాం. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని మా ఆయన ఆగిపోయాడు. నేనూ ఆగిపోయాను. కటుక్కుమంది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

అత్తయ్య మెతుకు కొరికి, నమిలి, మొగుడి వంక చూసింది.

"ఏవండీ, మీ తమ్ముడొచ్చాడా?"

మావయ్యగారు తల దించుకుని చాలా శ్రద్ధగా అన్నం కలుపుతున్నారు. "పొద్దున్నే దిగాడు," అన్నారు. "తేడా తెలియక కాదు. అంత దూరం నుంచి వచ్చాడు, మొదటి రోజు కదా. వాడి ఈల కూడా లెక్కలో వేశాను."

అత్తయ్య గరిటె తీసుకుని తన కంచంలో ఇంకాస్త వడ్డించుకుంది.